ఊరూ – పేరూ – చిరునామా

విద్యార్థులారా! "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మీరు తడుముకోకుండా జవాబు చెబుతారు. మీ ఊరి పేరు మీకు అంత బాగా తెలుసు. కాని అదే పేరుతో మరో ఊరు ఉందేమోనని ఎప్పుడైనా ఆలోచించారా? మీ ఊరి పేరును రెండు మూడు అక్షరాలకు కుదించి రాస్తే, దూరాన ఉన్న తపాలా ఉద్యోగికి అది ఏ ఊరుగా కనిపిస్తుందో ఊహించారా? పేర్లు కలిసినందువల్ల ఉత్తరాలు దారి తప్పుతాయి. మనుషులు కూడా ఒక ఊరికి బయలుదేరి మరొక ఊళ్లో దిగుతారు. కోలారు జిల్లాలో ఉన్న మనకు ఈ సంగతి ఇతరులకంటె ఎక్కువగా తెలియాలి. ఎందుకో ఈ పాఠంలో తెలుసుకుందాం.

దారి తప్పిన మనియార్డరు

ముందుగా నా చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాను. అది 1982వ సంవత్సరం. అప్పుడు మేము కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్‌లోని లైను ఇళ్లలో ఉండేవాళ్లం. మా నాయన గని లోపల పనిచేసేవారు. మా అవ్వ సరిహద్దుకు ఆవల, చిత్తూరు జిల్లాలోని వెంకటగిరికోట దగ్గర ఒక పల్లెలో ఉండేది. ఆమెకు కొద్దిపాటి మెట్ట చేను ఉండేది. ఏటా తొలకరి వానలు పడగానే అందులో వేరుశనగ విత్తేది. విత్తనం కాయలకు మా నాయన జీతంలోంచి డబ్బు పంపేవారు.

ఆ ఏడు మనియార్డరు ఫారం నింపే పని నాకు అప్పగించారు. నేను ఏడో తరగతి చదువుతున్నాను. నా చేతిరాత బాగుంటుందని ఇంట్లో అందరికీ మురిపెం. నూటయాభై రూపాయలకు ఫారం నింపాను. అవ్వ పేరు రాశాను, పల్లె పేరు రాశాను. ఫారంలో చోటు తక్కువగా ఉండటంతో ఆ కింద 'వెంకటగిరి, ఎ.పి.' అని రాసి ఊరుకున్నాను. 'కోట' అనే మాట రాయలేదు. జిల్లా పేరు రాయలేదు. పిన్ కోడ్ వచ్చి అప్పటికి పదేళ్లయినా దాన్ని రాసే అలవాటు మాకు లేదు.

వెంకటగిరి అనే పట్టణం వేరే ఉంది. చీరల నేతకు పేరుపొందిన ఆ వెంకటగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. మా మనియార్డరు అక్కడికి వెళ్లింది. ఆ పల్లె పేరుగాని, మా అవ్వ పేరుగాని అక్కడ ఎవరికీ తెలియలేదు. మూడు వారాల తరువాత డబ్బు తిరిగి మా ఇంటికే వచ్చింది.

ఆ మూడు వారాల్లో వానలు పడ్డాయి. మా అవ్వ రోజూ పొద్దున్నే పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని, పోస్టుమాన్ సంచి విప్పేదాకా ఉండి, ఉత్త చేతులతో ఇంటికి వెళ్లేదట. అదును దాటిపోతే విత్తు మొలవదు. చివరికి ఆమె తన పెళ్లినాటి ఇత్తడి బిందె తాకట్టు పెట్టి, దొరికినన్ని కాయలు కొని, సగం చేను మాత్రం విత్తింది. మిగిలిన సగం ఆ ఏడు బీడుగానే ఉంది.

దసరా సెలవులకు వెళ్లినప్పుడు ఈ సంగతి మాకు తెలిసింది. తప్పు నాదేనని చెప్పాను. అవ్వ నన్ను తిట్టలేదు. "నీ రాత ముత్యాల మాదిరి ఉంటుందని మీ అమ్మ చెప్పింది నాయనా. రాత బాగుంటే చాలదు. ఊరు నిండుగా రాయాల" అని మాత్రం అన్నది. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఒకే పేరు – వేరు వేరు ఊళ్లు

వెంకటగిరి, వెంకటగిరికోట మాత్రమే కాదు. మన చుట్టుపక్కల ఇటువంటి జంటలు ఇంకా ఉన్నాయి. కోలారు జిల్లాలో బంగారుపేట ఉంది. దీన్ని కన్నడంలో బంగారపేటె అంటారు. సరిహద్దు దాటితే చిత్తూరు జిల్లాలో బంగారుపాళ్యం ఉంది. రెండింటిలోనూ 'బంగారు' ఉంది. రెండూ బెంగళూరు, చెన్నై నగరాల మధ్యనే ఉన్నాయి. ఒకటి రైలు కూడలి, మరొకటి రహదారి మీది ఊరు. తొందరలో వినేవారికి ఒకటి రెండోదిగా వినిపించడంలో వింత లేదు.

చిత్తూరు అనే పేరు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా కేంద్రమైన చిత్తూరు ఉంది. కేరళలోని పాలక్కాడు జిల్లాలో మరో చిత్తూరు ఉంది. రాజస్థాన్‌లోని చిత్తోడ్ కోట సంగతి మీరు చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. ఇంగ్లీషులో రాసినప్పుడు ఈ మూడు పేర్లూ చాలా దగ్గరగా ఉంటాయి.

కుప్పం అనే పేరు మీకు బాగా తెలుసు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది అక్కడే. మన గనుల్లోని చివరి రైలు స్టేషను పేరు మారికుప్పం. తమిళనాడు సముద్రతీరంలో చేపలు పట్టేవారి పల్లెలకు కూడా 'కుప్పం' అనే పేరు తరచుగా కనిపిస్తుంది. కాబట్టి 'కుప్పం' అని మాత్రమే రాస్తే చాలదు.

పెద్ద నగరాలకు కూడా ఈ చిక్కు తప్పలేదు. 1947కు ముందు ఒకే దేశంలో రెండు హైదరాబాదులు ఉండేవి. ఒకటి దక్కను పీఠభూమి మీద, మరొకటి సింధు రాష్ట్రంలో. అందుకే మన హైదరాబాదును 'హైదరాబాదు దక్కను' అని రాసేవారు. దేశవిభజన తరువాత సింధులోని హైదరాబాదు పాకిస్తాన్‌లో చేరింది. అయినా నాంపల్లిలోని రైలు స్టేషను పేరులో 'దక్కను' అనే మాట నిలిచిపోయింది.

గనులకు అరువు పేర్లు

ఇప్పుడు మన గనుల దగ్గరికి వద్దాం. కోలారు బంగారు గనుల్లో ఆధునిక పద్ధతుల తవ్వకం 1880 తరువాత జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లండు కంపెనీ చేతుల్లో వృద్ధి చెందింది. వేరు వేరు కంపెనీలు వేరు వేరు గనులను తెరిచాయి. వాటికి పెట్టిన పేర్లలో కొన్ని దూరప్రాంతాల నుంచి తెచ్చుకున్నవి.

మైసూరు గని మైసూరు నగరంలో లేదు. ఆనాడు ఈ ప్రాంతమంతా మైసూరు సంస్థానంలో ఉండేది. ఆ పేరే గనికి వచ్చింది. మైసూరు నగరం ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. నందిదుర్గం గని నందికొండ దగ్గర లేదు. కోటతో, చల్లని గాలితో పేరుపొందిన నందిదుర్గం ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లాలో ఉంది. బాలాఘాట్ గని కూడా ఇక్కడే ఉండేది. మధ్యప్రదేశ్‌లో బాలాఘాట్ అనే జిల్లా ఉంది. అక్కడ కూడా మాంగనీసు, రాగి గనులు ఉన్నాయి! ఒకే పేరు, రెండు చోట్లా గనులే. ఇక పొరపాటు పడకుండా ఎలా ఉంటారు?

కోరమాండల్ అనే పేరు ఇంకా విచిత్రమైనది. కోరమాండల్ అంటే బంగాళాఖాతం పక్కనున్న మన తూర్పు తీరం. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న మన గనుల్లో ఒక ప్రాంతానికి, అక్కడి రైలు స్టేషనుకు ఆ పేరు వచ్చింది. న్యూజిలాండ్ దేశంలో కూడా కోరమాండల్ ఉంది. 1820లో అక్కడికి వెళ్లిన ఒక ఓడ పేరు మీదుగా ఆ పేరు పెట్టారు. 1852లో అక్కడ కూడా బంగారం బయటపడింది. బంగారం ఉన్న కోరమాండల్ అంటే భూగోళం మీద రెండు చోట్లను చూపించాలన్న మాట.

కోలారు ఒకటి, కోలారు గనులు మరొకటి

అన్నిటికంటె ఎక్కువ మందిని తికమక పెట్టేది 'కోలారు' అనే పేరే. కోలారు జిల్లా కేంద్రం. పూర్వం దీనికి కువలాలపురం అని పేరు. గంగ రాజులకు ఇది తొలి రాజధాని. కోలారు బంగారు గనులు అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. కోలారు పట్టణానికి వెళితే గనులు కనిపించవు.

రైలులో వచ్చేవారికి మరో చిక్కు ఉంది. కోలారు స్టేషను బంగారుపేట నుంచి చిక్కబళ్లాపురం వెళ్లే దారిలో ఉంది. గనులకు వెళ్లే రైలు బంగారుపేట నుంచి వేరే దారి పడుతుంది. ఆ దారిలో కోరమాండల్, ఉరిగాం, చాంపియన్, మారికుప్పం స్టేషన్లు వస్తాయి. 'కె.జి.ఎఫ్.' అనే పేరుతో స్టేషను లేదు. కొత్తగా వచ్చే చుట్టానికి "కె.జి.ఎఫ్.కు రా" అని మాత్రం రాస్తే అతను ఎక్కడ దిగాలి? రాబర్ట్‌సన్‌పేటా, ఆండర్సన్‌పేటా, ఉరిగామా, మారికుప్పమా అనేది కూడా రాయాలి.

2018లోను, 2022లోను విడుదలైన రెండు కన్నడ చలనచిత్రాల వల్ల కె.జి.ఎఫ్. అనే మూడు అక్షరాలు దేశమంతటా వినిపించాయి. అయితే అక్షరాలు తెలిసినంత మాత్రాన ఊరు తెలిసినట్లు కాదు. ఆ మూడు అక్షరాల వెనుక మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గనులు ఉన్నాయి. సుమారు నూటఇరవై ఏళ్లలో ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం తీసిన కార్మికుల శ్రమ ఉంది. తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు పక్కపక్క ఇళ్లలో బతికిన బతుకు ఉంది.

పొడి అక్షరాలతో చిక్కులు

పేరును కుదించి రాసే అక్షరాలను పొడి అక్షరాలు అంటాం. ఇవి సమయాన్ని, చోటును మిగులుస్తాయి. కాని అందరికీ ఒకే అర్థం తెలిసినప్పుడే ఇవి పనికి వస్తాయి. నేను మనియార్డరు మీద రాసిన 'ఎ.పి.' సంగతే తీసుకోండి. ఆనాడు అది ఆంధ్రప్రదేశ్ అని అందరూ అనుకొనేవారు. అరుణాచల్ ప్రదేశ్ 1987లో రాష్ట్రం అయింది. ఇంగ్లీషులో ఆ పేరుకు కూడా మొదటి అక్షరాలు 'ఎ.పి.'యే! ఒకటి దక్షిణాన, మరొకటి దేశానికి ఈశాన్యపు కొసన. అందువల్ల వాహనాల మీద అరుణాచల్ ప్రదేశ్‌కు 'ఎ.ఆర్.' అనే గుర్తు వాడతారు.

వాహనాల అంకెలు కూడా ఇటువంటివే. 'కె.ఎ. 07' అంటే కోలారు. 'కె.ఎ. 08' అంటే కె.జి.ఎఫ్. 'టి.ఎన్. 07' అంటే చెన్నై నగరంలోని ఒక భాగం. 'ఎ.పి. 07' చాలాకాలం గుంటూరు జిల్లాకు గుర్తుగా ఉండేది. కాబట్టి '07' అనే అంకె ఒక్కదాన్ని చూసి ఊరు చెప్పలేం. ముందున్న అక్షరాలు, వెనుక ఉన్న అంకెలు కలిస్తేనే అర్థం ఏర్పడుతుంది.

రైల్వేవారి అక్షరాలకు మరో కథ ఉంది. బంగారుపేట స్టేషనుకు ఇంగ్లీషులో 'బి, డబ్ల్యు, టి' అనే మూడు అక్షరాలు గుర్తు. బంగారుపేటలో 'డబ్ల్యు' ఎక్కడ ఉంది? ఈ ఊరికి పూర్వం బౌరింగ్‌పేట అని పేరు. 1862 నుంచి 1870 వరకు మైసూరు కమిషనరుగా ఉన్న బౌరింగ్ దొర పేరు మీదుగా అది వచ్చింది. ఊరి పేరు మారింది, గుర్తు మాత్రం మారలేదు. తెలియనివారికి చిక్కుగా కనిపించే ఆ మూడు అక్షరాలు తెలిసినవారికి ఊరి పాత కథ చెబుతాయి.

భాష మారితే పేరు మారుతుందా?

మనం రెండు మూడు భాషల మధ్య బతుకుతున్నాం. తెలుగులో 'పల్లె' అన్నది కన్నడంలో 'హళ్ళి' అవుతుంది. తెలుగులో 'పాలు', కన్నడంలో 'హాలు'. తెలుగులో 'పులి', కన్నడంలో 'హులి'. పూర్వపు 'ప' కన్నడంలో చాలా మాటల్లో 'హ'గా మారింది. అందుచేత ఒకే ఊరిని ఇంట్లో ఒక విధంగా, కార్యాలయంలో మరొక విధంగా పలకడం జరుగుతుంది. ఇంట్లో పిలిచే పేరు తప్పు కాదు. అది మన నోటి పేరు. కాని చిరునామా రాసేటప్పుడు పోస్టాఫీసు బోర్డు మీద ఉన్న పేరును రాయాలి. అదే అందరూ ఒప్పుకొన్న పేరు.

చిరునామాలోని కొన్ని మాటలు కూడా మనకు దారి చూపుతాయి. 'హోబళి' అని కనిపిస్తే అది కర్ణాటక ఊరు అని గుర్తించవచ్చు. 'మండలం' అని ఉంటే అది ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ ఊరు. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలాలు ఏర్పడ్డాయి.

ఆరు అంకెల సాయం

పేర్లు కలిసినా, స్పెల్లింగులు తప్పినా, భాషలు మారినా ఉత్తరం సరైన చోటికి చేరాలి. అందుకోసం 1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్ కోడ్ పద్ధతి మొదలైంది. కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల శాఖలో అధికారిగా ఉన్న శ్రీరామ్ భికాజీ వేలణకర్ దీన్ని రూపొందించారు. ఆయన సంస్కృత కవి కూడా.

పిన్ కోడ్‌లో ఆరు అంకెలు ఉంటాయి. మొదటి అంకె దేశంలోని పెద్ద ప్రాంతాన్ని తెలుపుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రాలకు మొదటి అంకె 5. తమిళనాడుకు, కేరళకు 6. మొదటి మూడు అంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను తెలుపుతాయి. చివరి మూడు అంకెలు ఉత్తరాన్ని అందించే పోస్టాఫీసును తెలుపుతాయి.

కోలారు 563101. బంగారుపేట 563114. రాబర్ట్‌సన్‌పేట 563122. మూడింటికీ మొదట 563 ఉంది చూశారా? వెంకటగిరికోట పిన్ కోడ్ 517తో మొదలవుతుంది. వెంకటగిరి పిన్ కోడ్ 524తో మొదలవుతుంది. నేను ఆనాడు ఆరు అంకెలు రాసి ఉంటే, 'కోట' అనే మాట మరచినా మా అవ్వకు డబ్బు చేరి ఉండేది.

మరో విశేషం గమనించండి. 2007లో కోలారు జిల్లా నుంచి చిక్కబళ్లాపురం జిల్లా వేరుపడింది. చింతామణి కొత్త జిల్లాలోకి వెళ్లింది. అయినా దాని పిన్ కోడ్ 563125గానే ఉంది. 2022లో వెంకటగిరి నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలో చేరింది. దాని పిన్ కోడ్ మాత్రం 524తోనే మొదలవుతుంది. జిల్లాల గీతలు మారినా తపాలా దారి మారలేదన్న మాట. కాబట్టి పిన్ కోడ్ చూసి జిల్లా పేరు ఊహించి రాయకూడదు. రెండింటినీ తెలుసుకొని రాయాలి.

చిరునామా నిండుగా రాద్దాం

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. గనుల మీద ఆధారపడిన కుటుంబాలు చెల్లాచెదరు అయ్యాయి. కొందరు ఊళ్లు మారారు. కొందరు రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లి పనిచేసి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. ఉద్యోగపు పిలుపు, పరీక్ష హాలు టిక్కెట్టు, పెద్దలకు రావలసిన బాకీ కాగితం – ఇవన్నీ చిరునామాను నమ్ముకొనే వస్తాయి. దారి తప్పిన ఒక్క కవరు ఒక ఇంటి ఏడాది పంటను సగం చేయగలదని మీరు ఇంతకు ముందే చదివారు.

చిరునామాలో మొదట వ్యక్తి పేరు రాయాలి. తరువాత ఇంటి సంఖ్య, వీధి లేక లైను, ఊరు, పోస్టాఫీసు, తాలూకా లేక మండలం, జిల్లా, రాష్ట్రం వరుసగా రావాలి. చివర పిన్ కోడ్ ఆరు అంకెలూ విడివిడిగా, స్పష్టంగా వేయాలి. పొడి అక్షరాలు వాడకపోవడం మంచిది. పంపేవారి చిరునామా కూడా రాయాలి. మా మనియార్డరు ఆలస్యంగానైనా తిరిగి వచ్చిందంటే, ఫారం మీద మా చిరునామా పూర్తిగా ఉండబట్టే.

తాకట్టు పెట్టిన ఆ ఇత్తడి బిందెను మా నాయన మరుసటి ఏడు విడిపించి తెచ్చారు. అది ఇప్పుడు మా ఇంట్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా అవ్వ మాట వినిపిస్తుంది. మీరు కూడా ఈ రోజు మీ అవ్వకో, తాతకో, మేనమామకో ఒక కార్డు రాయండి. ఊరు నిండుగా రాయండి.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. రచయిత పంపిన మనియార్డరు ఎందుకు దారి తప్పింది? దానివల్ల అవ్వకు కలిగిన నష్టం ఏమిటి?
2. గనుల్లో ఉన్న ఏ పేర్లు దూరప్రాంతాల నుంచి వచ్చాయి? రెండు ఉదాహరణలు వివరించండి.
3. బంగారుపేట రైల్వే గుర్తులో 'డబ్ల్యు' ఎందుకు ఉంది?
4. "రాత బాగుంటే చాలదు. ఊరు నిండుగా రాయాల." ఈ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు? అవ్వ కోపగించకుండా ఇలా ఎందుకు అని ఉంటుందో మీ మాటల్లో రాయండి.

ఆ) కింది పదాలను సొంత వాక్యాల్లో ఉపయోగించండి.
అదును, తాకట్టు, ఉత్త చేతులు, చెల్లాచెదరు, తికమక

ఇ) 'పాలు – హాలు', 'పులి – హులి' వలె తెలుగులో 'ప'తోను, కన్నడంలో 'హ'తోను మొదలయ్యే మరి మూడు జంటలను మీ ఇరుగుపొరుగువారిని అడిగి రాయండి.

ఈ) పేట, పాళ్యం, కోట, పల్లి, కుప్పం అనే మాటలతో ముగిసే ఊళ్ల పేర్లను మీ తాలూకా పటంలో వెతకండి. ఒకే పేరు రెండు చోట్ల ఉంటే, వాటిని ఎలా గుర్తుపట్టవచ్చో పక్కన రాయండి.

ఉ) మీ ఇంటి చిరునామాను తెలుగులోను, కన్నడంలోను పిన్ కోడ్‌తో సహా రాసి తరగతిలో చదవండి.